84 వంటల పుస్తకాలున్నాయి, ఒక్క కేకూ కుదరలేదు. కొండ కింది ఊళ్లో వీటితో ఎవరైనా వండుతున్నారా?

మందస_టీచర్
మా అత్తయ్య విశాఖపట్నంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ వంటల పుస్తకాలు కొన్నారు. కొత్తవి తక్కువ, పాత పుస్తకాల కొట్లలో ఏరుకున్నవి ఎక్కువ. నిరుడు ఆవిడ పోయాక రెండు ఇనపపెట్టెల్లో అవన్నీ మా ఇంటికి చేరాయి. లెక్కపెడితే 84. మేముండేది మందస దాటాక, మహేంద్రగిరి వైపు కొండల కింద ఉన్న ఊరు. బస్సు రోజుకు రెండుసార్లు వస్తుంది. కిరాణా కొట్లో మైదా, వంటసోడా దొరుకుతాయి. వెన్న, బేకింగ్ పౌడర్ కావాలంటే పలాస వెళ్లాలి.

వచ్చే నెల మా అమ్మాయి పదో పుట్టినరోజు. ఒక ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మ చూసి, అడుగున అనాసపండు చక్రాలు పేర్చి, కాల్చాక బోర్లించే కేకు కావాలని అడిగింది. మూడు ఆదివారాలు ప్రయత్నించాను. మొదటిసారి పగటిపూట చిన్న కరెంటు ఓవెన్‌లో పెట్టాను. పుస్తకం 350 డిగ్రీలు అంటుంది, మా ఓవెన్ మీట 250 దగ్గరే ఆగిపోతుంది. చివరిదాకా తిప్పాను. పైన బొగ్గు, లోపల జావ. రెండోసారి రాత్రి ఏడింటికి, మీట 200 దగ్గర పెట్టాను. గంటన్నర ఉంచినా పొంగినట్టే పొంగి కుంగిపోయింది. మూడోసారి కుక్కర్లో. అంచులు రాయి, నడుమ పచ్చి.

ఈ పుస్తకాలు ఈ ఊరికి సరిపోయేవి కావని, పాత కాగితాలవాడికి ఇచ్చేయమని మా వారు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. పేజీపేజీకీ అత్తయ్య పెన్సిలు గీతలున్నాయి. ఇలాంటి ఊళ్లలో ఇలాంటి పుస్తకాలతో నిజంగా వండుకుంటున్నవాళ్లు ఉంటే చెప్పండి.

గంటస్తంభం
పలాసలో బేకరీలున్నాయి కదండీ. పుట్టినరోజుకు చెప్పి చేయించుకోండి. మూడు ఆదివారాల వెన్న, గుడ్లు, కరెంటు లెక్కవేస్తే కిలో కేకు వచ్చేసేది. పుస్తకాలు బీరువాలో ఉంటే ఉండనివ్వండి, చూడటానికి బాగుంటాయి.

మందస_టీచర్
బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చేసరికి క్రీము కారిపోతుందండీ, ఒకసారి అదీ అయింది. పైగా పిల్ల అడిగింది బేకరీ కేకు కాదు, నాయనమ్మ పుస్తకంలోది.

బొబ్బిలి_మనవరాలు
టీచర్ గారూ, 350 అన్నది ఫారెన్‌హీట్! మీ ఓవెన్ మీట సెల్సియస్‌ది. 350 ఫారెన్‌హీట్ అంటే సెల్సియస్‌లో 177, మీట 175కీ 180కీ మధ్య ఉంటే చాలు. మీరు 250 పెట్టారంటే దాదాపు 480 ఫారెన్‌హీట్‌లో కాల్చారన్నమాట. అది కేకుకు పెట్టే సెగ కాదు.

అట్ట వెనక ఈ నాలుగూ రాసిపెట్టుకోండి. పాత బ్రిటిష్ పుస్తకంలో గ్యాస్ మార్క్ 4 అని ఉంటే అదీ 180 సెల్సియస్సే. అమెరికా పుస్తకంలో కప్పు అంటే సుమారు 240 మిల్లీలీటర్లు, మనం టీ తాగే కప్పు కాదు. ఒక స్టిక్ వెన్న అంటే 113 గ్రాములు. ఔన్సు 28 గ్రాములకు కొంచెం ఎక్కువ. ఇంకొకటి: ఆస్ట్రేలియా పుస్తకాల్లో పెద్ద చెంచా 20 మిల్లీలీటర్లు, మిగతా చోట్ల 15. అందుకని ముందు ఆ పుస్తకం ఏ దేశంలో అచ్చయిందో చూడండి.

మందస_టీచర్
పిల్లలకు ఫారెన్‌హీట్ లెక్కలు నేనే చెబుతాను! వంటింట్లోకి వచ్చేసరికి ఆ ఆలోచనే రాలేదు. అయితే రెండోసారి 200 పెట్టినప్పుడు ఎందుకు కుంగింది? అది ఉండాల్సిన దానికన్నా ఎక్కువే కదా.

కరెంటు_మనిషి
రాత్రి ఏడింటికి అన్నారు కదా, కారణం అక్కడే ఉంది. నేను లైన్ల మీద పనిచేసేవాడిని, నరసన్నపేట వైపు. లైను చివర ఉన్న ఊళ్లలో సాయంత్రం అందరూ ఒకేసారి దీపాలు, ఫ్యాన్లు, టీవీలు వేస్తారు. 230 వోల్టులు రావాల్సిన చోట 180 వస్తుంది. 230లో 180 అంటే సుమారు 78 శాతం, కొంచెమే తగ్గినట్టు అనిపిస్తుంది. కాని వేడిచేసే తీగ ఇచ్చే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.78ని 0.78తో గుణిస్తే 0.61. అంటే మీ 1500 వాట్ల ఓవెన్ ఆ గంటలో 900 చిల్లర వాట్ల ఓవెన్. మీట 200 చూపిస్తుంది, లోపల ఆ వేడి పుట్టదు. పగలు మూడింటికి చేసుకోండి.

స్టెబిలైజరు కొంటానంటే ఫ్రిజ్‌కు పెట్టే చిన్నది పనికిరాదు. ఓవెన్ మోయగలిగేది ఖరీదు, నేనైతే కొనమనను.

బొబ్బిలి_మనవరాలు
పై మాటకు కలుపుతున్నాను. సోడా, బేకింగ్ పౌడర్ పిండిలో బుడగలు పుట్టిస్తాయి. ఆ బుడగల చుట్టూ గుడ్డు, మైదా వేడికి గట్టిపడితేనే కేకు నిలబడుతుంది. వేడి చాలకపోతే గోడ కట్టకముందే గాలి బయటికి పోతుంది. మీ రెండో కేకు అదే.

లోపల నిజంగా ఎంత వేడి ఉందో తెలుసుకోవడానికి మా ఇంట్లో చక్కెర పరీక్ష చేస్తాం. చక్కెర కరిగేది 186 డిగ్రీల సెల్సియస్ దగ్గర. చిన్న రేకు ముక్క మీద చెంచాడు చక్కెర పోసి పావుగంట పెట్టండి. మీట 175 దగ్గర ఉన్నప్పుడు కరగకూడదు, 190 దగ్గర కరగాలి. 175కే కరిగితే మీ ఓవెన్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తోందని అర్థం. 190కీ కరగకపోతే కరెంటు_మనిషి గారు చెప్పిన జబ్బు.

రాజాం_లెక్కలు
మూడో కేకు సంగతి ఎవరూ అడగలేదు. టీచర్ గారూ, పుస్తకం ఎంత వెడల్పు పళ్లెం చెప్పింది? కుక్కర్లో మీరు పెట్టిన గిన్నె ఎంత?

మందస_టీచర్
పుస్తకం 9 అంగుళాలు. నా గిన్నె స్కేలుతో కొలిస్తే సరిగ్గా 7.

రాజాం_లెక్కలు
అనుకున్నాను. 9 అంగుళాల పళ్లెం వైశాల్యం 81 పాళ్లయితే 7 అంగుళాలది 49. మీరు పుస్తకంలోని పిండి మొత్తం పోశారంటే పళ్లెంలో ఉండాల్సిన దానికి ఒకటిన్నర రెట్లకు పైగా మందం. అంచులు మాడేదాకా నడిమికి వేడి చేరదు. 81లో 49 అంటే 60 శాతం. అన్నీ 60 శాతం వేసుకోండి. వెడల్పు చూసి కొలతలు మార్చుకోవచ్చన్న సంగతి చాలా పుస్తకాలు చెప్పవు, చదివేవాడి వంటింట్లో అదే పళ్లెం ఉంటుందనుకుంటాయి.

పలాస_జీడిబద్ద
కుక్కర్ మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. నీళ్లు లేకుండా మంట మీద పెట్టడానికి చేసిన వస్తువు కాదది. రబ్బరూ విజిలూ తీసేసినా రోజూ అలా కాలిస్తే అడుగు వంగుతుంది. మా పిన్ని గారి కుక్కర్ అలాగే పాడైంది, తరువాత పప్పు ఉడికించడానికీ పనికిరాలేదు. మందపాటి పాత ఇత్తడి గుండిగ ఉంటే అందులో ఇసుక పోసి కాల్చుకోండి.

సీతంపేట_అనాస
అనాసపండు అన్నాక నేను రాకపోతే ఎలా? 2022 ఏప్రిల్ నుంచి మాది పార్వతీపురం మన్యం జిల్లా. జిల్లా పేరు మారినా పండు తీపి మారలేదు.

మీ పుస్తకం టిన్ను చక్రాలు చెప్పి ఉంటుంది. తాజా పండుతో చేయవచ్చు, ఇంకా బాగుంటుంది. కాని రసం ఎక్కువ. చక్రాలు కోసి, బెల్లంతో పది నిమిషాలు ఉడికించి, రసం ఇగిరాక పేర్చండి. ఉడికించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఉడికించని అనాసలో మాంసకృత్తులను విడగొట్టే బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఎక్కువ తింటే నాలుక మండేది అందుకే. జెలటిన్‌తో జెల్లీ చేసేటప్పుడు పచ్చి ముక్కలు వేస్తే అది గడ్డకట్టదు. వేడికి ఆ ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది. టిన్నులో ఉన్నది ముందే వేడిచేసిన పండు, అందుకని ఆ పుస్తకాలకు ఈ బాధ తెలియదు. జెలటిన్‌కు బదులు సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్‌తో చేస్తే మాత్రం ఉడికించని పండుతోనూ గడ్డకడుతుంది.

గుడ్ల సంగతి కూడా చూడండి. అమెరికా పుస్తకం పెద్ద గుడ్డు అంటే పెంకు తీశాక సుమారు 50 గ్రాములు. మన నాటుకోడి గుడ్డు పెంకుతోనే నలభై దాటడం కష్టం. లెక్కపెట్టవద్దు, తూచండి.

చోడి_అంబలి
పొద్దుటి నుంచి చదువుతున్నానమ్మా. నాకు 71 ఏళ్లు, మా కోడలు ఫోనులో రాసిపెడుతోంది. రెండు మాటలు చెప్పాలి.

ఒకటి. వెన్న కోసం పలాస వెళ్లడమేమిటి తల్లీ? మీ ఊళ్లో గేదెలు లేవా? మజ్జిగ చిలికి తీసిన వెన్నను చల్లటి నీళ్లలో రెండుసార్లు పిసికి నీరు పిండేయి. ఇంట్లో తీసిన వెన్నలో నీరెక్కువ ఉంటుంది, అందుకు. లేదా పేరుకున్న నెయ్యి వాడు.

రెండు. కాల్చడం మనకు తెలియని విద్యలా అందరూ మాట్లాడుతున్నారు. దిబ్బరొట్టె ఎలా చేసేవాళ్లమనుకున్నారు? ఒక పాలు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్లు పెద్దగా చిలకరించకుండా గట్టిగా రుబ్బి, రెండున్నర పాళ్లు బియ్యపు రవ్వ కడిగి పిండి కలిపేవాళ్లం. ఇనపమూకుట్లో నూనె వేసి, రెండంగుళాల మందాన ఆ పిండి పోసి, కుంపటి మీద సన్నటి సెగన పెట్టి, పైన మూతలో నిప్పులు పోసేవాళ్లం. కింద సెగ, పైన సెగ. తిరగవేయకుండానే రెండువైపులా ఎర్రగా కాలేది. గ్యాసు పొయ్యిలు వచ్చాక నిప్పులు పోయాయి, తిరగవేయడం మొదలైంది. మీరు ఓవెన్ అంటున్నది ఇదే కదా.

బొబ్బిలి_మనవరాలు
అమ్మమ్మ గారూ, మీ మాటతో మా ఇంటి సంగతి గుర్తొచ్చింది. బొబ్బిలి, టెక్కలి, పాలకొండ వైపు కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్లు ఉండేవారు. మా అమ్మమ్మ వాళ్ల ఆసుపత్రిలో నర్సుగా శిక్షణ పొందింది. అక్కడ ఒక దొరసాని దగ్గర ఔన్సుల్లో రాసుకున్న చేతిరాత పుస్తకం ఆవిడకు మిగిలింది. ఇంట్లో ఓవెన్ ఎక్కడిది? కిరోసిన్ డబ్బాను నిప్పుల్లో బాగా కాల్చి, వాసన పోయాక ఇసుక రాసి తోమి, పక్కకు పడుకోబెట్టి, లోపల రెండు ఇటుక ముక్కల మీద పళ్లెం పెట్టేది. కింద బొగ్గులు కొన్ని, పైన ఎక్కువ. క్రిస్మస్‌కు వారం ముందు వీధి వీధంతా ఆ వాసనే.

సెగ సరిపోయిందో లేదో తెలియాలంటే లోపల పళ్లెం మీద చిటికెడు మైదా చల్లేది. అది మెల్లగా బంగారు రంగుకు తిరిగితే సరి, చూస్తుండగానే నల్లబడితే బొగ్గులు తీసేయాలి. ఆవిడ పుస్తకంలో ప్రతి కేకు పక్కనా "పైన 12 బొగ్గులు, కింద 6" అని ఉండేది, డిగ్రీల మాటే ఉండేది కాదు.

కరెంటు_మనిషి
పైన ఎక్కువ, కింద తక్కువ అన్నది గట్టిగా పట్టుకోండి. కింది సెగ నేరుగా తగులుతుంది, అది పెంచితే అడుగు మాడుతుంది. వర్షం లేకపోతే ఓవెన్ కన్నా నిప్పులే నమ్మకం.

గంటస్తంభం
చోడి_అంబలి గారి మాటతో నాకింకో సందేహం వచ్చింది. దిబ్బరొట్టె చేయడం తెలిసిన ఊళ్లో అమెరికా కేకు కోసం ఇంత పాటు ఎందుకు? ఆ 84 పుస్తకాల్లో మన తిండి ఎంత ఉంది? చోడిపిండి (రాగిపిండి), గంట్లు (సజ్జలు), పెండలం, పనసపొట్టు ఎన్నింటిలో ఉన్నాయి? మనం తినేది రాయని పుస్తకాలను మనం ఎందుకు మోయాలి?

మందస_టీచర్
ఇది న్యాయమైన ప్రశ్న. నిన్న రాత్రి కూర్చుని చూశాను. తెలుగువి 31. వాటిలో చోళ్లు రాగులు అన్న పేరుతో నాలుగింటిలో ఉన్నాయి, అదీ పిల్లలకు జావ అని, చక్కెర జబ్బుకు మంచిదని. పనసపొట్టు కూర ఆవ పెట్టి చేసేది రెండింటిలో. పెండలం ఒక్కదాంట్లో. గంట్లతో ఏదీ లేదు. మా బడి వంటమనిషి వారానికి మూడుసార్లు చేసే గంటి అన్నం 84 పుస్తకాల్లో ఒక్కదానికీ ఎక్కలేదు.

రాజాం_లెక్కలు
పుస్తకంలో లేకపోతే పుస్తకాన్ని తిట్టడం కాదు, దాని ఖాళీ పేజీల్లో మనం రాయాలి.

గంటస్తంభం
రాస్తారు, బాగానే ఉంది. కాని పిల్ల అడిగింది కేకు కదా, గంటి అన్నం కాదు. మనం ఏది గొప్ప అనుకుంటామో పిల్లలు అదే అడుగుతారు. నాకు అది బాధ.

చోడి_అంబలి
నాయనా, పిల్ల నాయనమ్మ పుస్తకంలోది అడిగింది. నాయనమ్మను అడిగినట్టే. దానికి తూకం వెయ్యకు. మా చిన్నప్పుడు బొబ్బట్లు కూడా ఎవరో ఎక్కడి నుంచో తెచ్చినవే అయి ఉంటాయి, తిన్నాక మనవయ్యాయి. కేకులో పావు వంతు చోడిపిండి కలుపమ్మా. అంతకన్నా ఎక్కువ వేస్తే విరిగిపోతుంది.

బొబ్బిలి_మనవరాలు
అవును, చోడిపిండిలో గోధుమకు ఉండే జిగురు ఉండదు. పావు వంతు వరకు మైదా పట్టి ఉంచుతుంది. పండగకు ముందే ఒకసారి చేసి చూడండి.

ఉద్దానం_కొబ్బరి
ఈస్టు కోసం కూడా పలాస పరుగులు వద్దు. మాది కవిటి. తెల్లవారుజామున దించిన తాటికల్లు ఒక గిన్నెడు చాలు, పిండి పొంగుతుంది. గోవాలో పొయ్ అనే రొట్టెలు పూర్వం కల్లుతోనే పొంగించేవారు. కేరళలో అప్పాలకు ఇప్పటికీ కల్లు పోస్తారు. మా అన్నయ్య అలా రొట్టె చేస్తే మెత్తగా, కొంచెం పుల్లగా వచ్చింది.

మందస_టీచర్
తమ్ముడూ, బడి పంతులమ్మ పొద్దున్నే కల్లు కొనడానికి నిలబడితే ఊరంతా రొట్టె మాట నమ్మాలి కదా.

ఉద్దానం_కొబ్బరి
మా అన్నయ్యను పంపిస్తాను, ఆయన మాట ఎవరూ నమ్మరు కాబట్టి మీకేం కాదు.

మందస_టీచర్
నవ్వుకున్నాం ఇంట్లో. రొట్టె వేసవికి వాయిదా.

ఇప్పుడు అసలు చిక్కు ఇంకొకటి. పెట్టె అడుగున అట్ట ఊడిపోయిన తెలుగు పుస్తకం దొరికింది. పిండివంటలది. ఏ ఏడాదిదో తెలియదు, మొదటి పేజీలు లేవు. అందులో "మినపపప్పు తవ్వెడు, బెల్లము అర్ధవీశ, నేయి గిద్దెడు" అని ఉంది. ఔన్సులు తెలిశాయి, ఇవి తెలియలేదు. మా ఇంట్లోనూ ఎవరికీ తెలియదు.

చోడి_అంబలి
ఇది నాకు తెలుసు తల్లీ. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అంటే కుంచానికి ఎనిమిది తవ్వలు. మా ఇంట్లో సోల ఇప్పటికీ ఉంది, ఇత్తడిది. బియ్యం దానితోనే పోస్తాను.

రాజాం_లెక్కలు
తూకాలు నేను చెబుతాను. తులం 11.66 గ్రాములు. మూడు తులాలు ఒక పలం, సుమారు 35 గ్రాములు. నలభై పలాలు ఒక వీశ, అంటే 120 తులాలు, 1400 గ్రాములు. మీ పుస్తకంలో అర్ధవీశ బెల్లం అంటే 700 గ్రాములు. ఎనిమిది వీశలు మణుగు. దేశమంతటికీ మెట్రిక్ తూకాలు తెచ్చిన చట్టం 1956లో వచ్చింది, కొట్లలో కిలోలు స్థిరపడటానికి ఇంకొన్నేళ్లు పట్టింది. వీశలు రాసిందంటే మీ పుస్తకం ఆ మార్పుకు ముందుదో, ఆ రోజుల్లోదో అయి ఉండాలి.

సోల, తవ్వలది మాత్రం పరిమాణం కొలత, బరువు కాదు. ఒక తవ్వ మినపపప్పు, ఒక తవ్వ రవ్వ బరువులు వేరు. ఏ గిన్నె తీసుకున్నా అదే గిన్నెతో అన్నీ కొలిస్తే పాళ్లు తప్పవు.

పాతకాగితం
ఆ పుస్తకాన్ని పాత కాగితాలవాడికి ఇవ్వవద్దు, చేతులు జోడించి అడుగుతున్నాను. నాది శ్రీకాకుళం. కాళీపట్నం రామారావు గారు 1997లో ఇక్కడ కథానిలయం పెట్టి తెలుగు కథలున్న పత్రికలూ పుస్తకాలూ ఒక్కచోట చేర్చారు. కథను కాపాడాలని ఆయనకు తోచింది. వంటల పుస్తకాన్ని మాత్రం నూనె మరకలు పడ్డాయని పారేస్తాం. ఏ పేజీకి నూనె మరక ఎక్కువ ఉందో ఆ వంట ఆ ఇంట్లో ఎక్కువ చేసినట్టు. అంతకన్నా నిజమైన సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

మీరుండే చోట వాన, చెద రెండూ ఉంటాయి. ఇనపపెట్టె నేలకు ఆనకుండా ఇటుకల మీద పెట్టండి. ఆరు నెలలకోసారి పుస్తకాలు బయటికి తీసి నీడలో గాలికి పెట్టండి, ఎండలో కాదు. ఎండకు కాగితం పెళుసెక్కుతుంది. ఊడిన అట్టకు ప్లాస్టిక్ టేపు అంటించవద్దు, నాలుగేళ్లకు జిగురు పచ్చబడి అక్షరాలను తినేస్తుంది. మైదా జిగురు, పల్చటి కాగితం చాలు. పెట్టెలో ఎండిన వేపాకు వేయండి.

పలాస_జీడిబద్ద
పుస్తకాలు తడిస్తే ఏం చేయాలో అనుభవంతో చెబుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా మీదుగానే తీరం దాటింది. ఇంటి పైకప్పు రేకులు లేచిపోయాయి. జీడితోట పడిపోయింది, కొబ్బరి పడిపోయింది, చాలా రోజులు కరెంటు లేదు. మా అమ్మ రాసుకున్న రెండు నోటు పుస్తకాలు నీళ్లలో నానాయి. అమ్మ ఏడ్చింది తోటకు కాదు, వాటికి. పేజీ పేజీకీ మధ్య పాత వార్తాపత్రిక పెట్టి, గంటకోసారి మార్చి, పైన బరువు పెట్టి ఆరబెట్టాం. పెన్నుతో రాసినవి సగం చెరిగిపోయాయి. పెన్సిలుతో రాసినది ఒక్క అక్షరం పోలేదు.

అందుకని టీచర్ గారూ, మీ అత్తయ్య పెన్సిలు వాడటం మంచి పని. మీరూ పెన్సిలే వాడండి. జీడిపప్పు కావాలంటే చెప్పండి. విదేశీ పుస్తకం బాదంపొడి అంటే బదులుగా జీడిపొడి వేయండి, దానికి నిండు జీడిగుళ్లు కొనకండి, ముక్కలూ నూకా తక్కువ ధరకే వస్తాయి, పొడి చేస్తే రుచిలో తేడా లేదు. మరీ ఎక్కువ తిప్పితే ముద్దవుతుంది, ఆపి ఆపి తిప్పండి.

మందస_టీచర్
మీ మాటలు చదివి ఆ అనాస పేజీని మళ్లీ తీశాను. ఇన్నాళ్లూ పెన్సిలు గీతలు చూశాను గాని, అక్షరాలు చదవలేదు. టిన్ను అన్న మాట కింద గీత గీసి, పక్కన చిన్నగా "దొరకలేదు, 1979" అని ఉంది. ఇంకో పుస్తకంలో వెనిలా దగ్గర "దొరకలేదు". ఇంకోచోట ఈస్టు దగ్గర కూడా. విశాఖపట్నంలో ఉన్నావిడకే దొరకలేదు. మా వారికి చూపించాను. ఈ కేకు అమ్మ ఎప్పుడూ చేయలేదని అన్నారు. పాత కాగితాలవాడి మాట మళ్లీ ఎత్తలేదు.

ఆదివారం పెరట్లో నిప్పుల మీద చేస్తాను. కొలతలు ఎవరైనా సరిచూడండి. 7 అంగుళాల గిన్నెకు: మైదా 85 గ్రాములు, చోడిపిండి 27, చక్కెర 120, వెన్న 68, నాటుగుడ్లు రెండు. బేకింగ్ పౌడర్ లేదు.

బొబ్బిలి_మనవరాలు
బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పుల్లటి పదార్థం కూడా ఉంటుంది. ఉత్త సోడా వేస్తే సబ్బు రుచి వస్తుంది. పుస్తకంలోని పాలకు బదులు 100 మిల్లీలీటర్ల గట్టి పుల్లపెరుగు, పావు చెంచా సోడా వేయండి. చిన్న చెంచా సుమా. పెరుగు తగలగానే బుడగలు మొదలవుతాయి కాబట్టి నిప్పులు సిద్ధమయ్యాకే కలపండి. ఏలకులు నాలుగు దంచి వేస్తే వెనిలా గుర్తురాదు.

రాజాం_లెక్కలు
లెక్క సరిపోయింది. నాటుగుడ్లు రెండూ తూచండి, పెంకు తీశాక 60 నుంచి 70 గ్రాములుంటే చాలు.

మందస_టీచర్
చేశాను. మొత్తం చెబుతాను, తప్పులతో సహా.

ఇత్తడి గుండిగలో రెండంగుళాల ఇసుక పోసి, నిప్పుల మీద ఇరవై నిమిషాలు కాగనిచ్చాను. అనాస చక్రాలు బెల్లంలో ఉడికించి అడుగున పేర్చాను, చక్రాల మధ్య జీడిబద్దలు. మూత మీద చింతచెట్టు బొగ్గులు. మైదా చల్లి చూస్తే మొదట నల్లబడింది, నాలుగు బొగ్గులు తీశాను, రెండోసారి బంగారు రంగు. పిండి కలిపి పెట్టేశాను. ఇరవై ఐదు నిమిషాలకు మూత తీయాలని చేయి లాగింది, తీయలేదు. నలభై నిమిషాలకు తీశాను, నడుమ కొబ్బరిఈనె గుచ్చితే తడి అంటింది. నలభై ఎనిమిదికి శుభ్రంగా వచ్చింది.

కొండ వైపు నుంచి గాలి వీచి బొగ్గులు ఒకవైపే రాజుకున్నాయి. ఆ వైపు రంగు ఎక్కువ, ఎదురువైపు తక్కువ. మధ్యలో మూతను ఒకసారి తిప్పి ఉంటే సరిపోయేది. బోర్లించినప్పుడు ఒక చక్రం గిన్నెకే అంటుకుపోయింది, గరిటతో తీసి అతికించాను. కోస్తే లోపల ఈ చివర నుంచి ఆ చివరికి ఒకేలా పొంగి ఉంది. చోడిపిండి వల్ల కొంచెం గోధుమరంగు, వేయించిన వాసన. అమ్మాయి మొదటి ముక్క నాయనమ్మ ఫోటో దగ్గర పెట్టి, రెండోది తను తింది. పుట్టినరోజుకు ఇదే చేయమంది, కాని "ఊడిపోయిన చక్రం నాకు" అని ముందే చెప్పింది.

"దొరకలేదు, 1979" కింద పెన్సిలుతోనే రాశాను: తాజా పండు, సీతంపేట. గుండిగ. పైన 14, కింద 7. 48 నిమిషాలు. గాలి ఉంటే మూత తిప్పాలి.

గంటస్తంభం
చోడిపిండి వేశారు కదా, ఇక నాకు అభ్యంతరం లేదు. మీ వంటమనిషి గంటి అన్నం ఎలా చేస్తారో కూడా ఆ పెన్సిలుతోనే రాసిపెట్టండి. మా అమ్మ చేసేది, నేను నేర్చుకోలేదు.

మందస_టీచర్
సోమవారం బడిలో ఆవిడ పక్కన కూర్చుని రాసుకుంటాను. ఆవిడ గిన్నె ఎంతదో కూడా కొలుస్తాను.

చోడి_అంబలి
అనాసకు బెల్లం ఎంత వేశావో రాయలేదమ్మా. పాకం ఏ పాటికి దించావు?

మందస_టీచర్
చిన్న పండు ఒకటి, బెల్లం 100 గ్రాములు. చుక్క చల్లటి నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టేటప్పుడు దించాను. కొంచెం ముందే దించి ఉంటే ఆ చక్రం అంటుకునేది కాదేమో.

చోడి_అంబలి
అదే. తీగపాకం దగ్గర దించు.